‘ఐ అగ్రీ’ నొక్కినంత మాత్రాన హక్కులు పోవు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. పెళ్లి ఫొటోలు, యూట్యూబ్ పాటలు, లోన్ యాప్‌లు, ఫోన్ నంబర్లు అని పేర్లు వేరు గానీ అందరూ అడుగుతున్నది ఒకటే: ఎదుటివాళ్లు "ఇది మా రూల్" అంటే అదే చట్టమా? చాలాసార్లు కాదు. అందుకే పేజీ మొత్తం వీటికే ఇచ్చేశాను. మిగతా ఉత్తరాలకు వచ్చే నెల జవాబిస్తాను. వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మాత్రం కాగితాలన్నీ పట్టుకుని ఒక లాయర్‌ను కలవండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి పెళ్లికి ఫొటోలు, వీడియో, డ్రోన్ కలిపి ఒక స్టూడియోతో ప్యాకేజీ మాట్లాడుకున్నాం. డబ్బు మొత్తం ఇచ్చేశాం. ఇప్పుడు తలంబ్రాల ఫొటోలే కాదు, మంగళస్నానం ఫొటోలు కూడా వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ప్రకటనలా పెట్టుకున్నారు. తీసేయమంటే "కాపీరైట్ మాది, మీరు కొనుక్కుంది ఆల్బమ్ మాత్రమే" అంటున్నారు. నిజమేనా? 
– తెనాలి నుంచి ఒక తల్లి

జవాబు: నిజం కాదమ్మా. ఎదురు అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఆ మాట అంత ధీమాగా అంటున్నారు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 17వ సెక్షన్ (బి) క్లాజు ఈ విషయం సూటిగా చెబుతుంది. డబ్బు తీసుకుని ఒకరి కోసం ఫొటో తీసినా, బొమ్మ గీసినా, సినిమా తీసినా, వేరే ఒప్పందం లేనప్పుడు దాని కాపీరైట్‌కు మొదటి యజమాని ఆ పని చేయించుకున్నవారే. అంటే మీరే. కెమెరా వాళ్లది, తెల్లవారుజామున లేచి ముహూర్తం దాకా నిలబడిన కష్టం వాళ్లది, కాదనను. ఆ కష్టానికే మీరు డబ్బిచ్చారు. ఫొటో తీసింది ఫలానావారు అని చెప్పుకునే హక్కు కూడా వాళ్లకు ఉంటుంది. కానీ మీ అమ్మాయి ముఖానికి పసుపు రాస్తున్న ఫొటోను ఊరందరికీ చూపించి వచ్చే సీజన్‌కు గిరాకీ తెచ్చుకునే హక్కు దాంతో రాదు.

"వేరే ఒప్పందం లేనప్పుడు" అన్న దగ్గరే మెలిక ఉంది. అడ్వాన్స్ ఇచ్చిన రోజు వాళ్లిచ్చిన కొటేషన్ కాగితం బయటికి తీసి కింద, వెనకాల చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. "స్టూడియో ప్రచారానికి ఫొటోలు వాడుకోవచ్చు" అని రాసి ఉండి దాని కింద మీ సంతకం ఉంటే వాళ్ల వాదనకు కొంత బలం వస్తుంది. సంతకం లేకుండా వాళ్లే అచ్చేసుకున్న వాక్యమైతే దాన్ని చూసి బెదిరిపోవద్దు. కాపీరైట్ ఒకరి నుంచి ఇంకొకరికి మారాలంటే రాతపూర్వకంగా, ఇచ్చేవారి సంతకంతో ఉండాలని అదే చట్టం 19వ సెక్షన్ అంటోంది. మన పెళ్లిళ్లలో ఆడపెళ్లివారు ఒకరిని, మగపెళ్లివారు ఒకరిని మాట్లాడుకోవడం మామూలే కదా. ఎవరు డబ్బిచ్చి తీయించిన ఫొటోలకు వాళ్లే యజమానులు, ఆ సంగతి వియ్యంకులతో ముందే మాట్లాడుకుంటే తర్వాత మాట రాదు.

ఇప్పుడు చేయాల్సింది: ఫోన్లో గొడవ పడటం ఆపి వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాతలో అడగండి. ఏ పోస్టులు తీసేయాలో లింకులతో సహా ఇచ్చి, ఎప్పటిలోగా తీయాలో తేదీ రాయండి. అంతకుముందే ఆ పోస్టుల స్క్రీన్‌షాట్లు, మీరు డబ్బు పంపిన రుజువులు దాచుకోండి. వినకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, యజమానిగా మీరే నింపవచ్చు. ఇక ఎడిట్ చేయని రా ఫైల్స్ సంగతి. కాపీరైట్ మీదైనా, ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా మీకు ఇచ్చి తీరాలన్నది మీరు మాట్లాడుకున్న ప్యాకేజీని బట్టే ఉంటుంది. రెండో అమ్మాయి పెళ్లికైనా అడ్వాన్స్ ఇచ్చే ముందే రా ఫైల్స్ ఇస్తారా, ఎన్నాళ్లు దాస్తారు, మా అనుమతి లేకుండా ఎక్కడా పెట్టబోమని రాసిస్తారా అని అడగండి.

ప్రశ్న: ఫంక్షన్ హాల్ మేనేజర్ సంగీత్‌లో సినిమా పాటలు పెట్టాలంటే మ్యూజిక్ లైసెన్స్ ఫీజు కట్టాలంటున్నాడు. కట్టాలా? 
– ఖమ్మం నుంచి ఒక పెళ్లికొడుకు

జవాబు: అక్కర్లేదు. మతపరమైన వేడుకల్లో పాటలు వాడుకుంటే కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. పెళ్లి ఊరేగింపూ, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలూ అందులోకే వస్తాయని అక్కడే వివరణ ఉంది. అయినా వసూళ్లు ఆగకపోవడంతో 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల శాఖ ప్రత్యేకంగా ఒక పబ్లిక్ నోటీసు ఇచ్చి, పెళ్లి వేడుకలకు రాయల్టీ అడగకూడదని చెప్పింది. దాన్ని ఫోన్లో డౌన్‌లోడ్ చేసి మేనేజర్‌కు చూపించండి. టికెట్ పెట్టి నడిపే న్యూ ఇయర్ పార్టీకి ఈ మినహాయింపు వర్తించదు, ఆ తేడా గుర్తుంచుకోండి. శుభాకాంక్షలు.

ప్రశ్న: మా అత్తయ్యగారు రిటైరైన సంగీతం టీచర్. తంబుర యాప్ పెట్టుకుని సొంతంగా త్యాగరాజ కీర్తనలు, అన్నమయ్య కీర్తనలు పాడి పిల్లలు నేర్చుకోవడానికి యూట్యూబ్‌లో పెడతారు. ఈ మధ్య రెండు వీడియోలకు ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఆవిడ టెన్షన్ పడి, కేసు పెడతారేమోనని ఛానెలే తీసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు? 
– రాజమహేంద్రవరం నుంచి ఒక కోడలు

జవాబు: ఛానెల్ తీయనివ్వకండి. ఈ ఉత్తరం చదివాక నాకు నిజంగా కోపం వచ్చింది. త్యాగరాజస్వామి 1847లో కాలం చేశారు. ఆ కీర్తనల మీద భూమ్మీద ఏ కంపెనీకీ కాపీరైట్ లేదు. కంపెనీకి ఉండేది తాము రికార్డు చేయించిన ఫలానా విద్వాంసుడి ఫలానా రికార్డింగ్ మీద హక్కు, అదీ విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. అదే కీర్తనను మీ అత్తయ్యగారు తన గొంతుతో పాడి తనే రికార్డు చేసుకుంటే ఆ రికార్డింగ్ ఆవిడది.

మరి క్లెయిమ్ ఎలా వచ్చిందంటే, మనిషి ఎవరూ విని వేసింది కాదు. యూట్యూబ్ 2007లో కంటెంట్ ఐడీ అని ఒక యంత్రాంగం మొదలుపెట్టింది. కంపెనీలు తమ రికార్డింగులు అందులో వేస్తాయి, ఎక్కడ పోలిక కనిపిస్తే అక్కడ క్లెయిమ్ దానంతట అదే పడుతుంది. ఒకే రాగం, ఒకే తాళం, ఒకే పల్లవి, పైగా వెనకాల అదే తంబుర యాప్ శ్రుతి. శాస్త్రీయ సంగీతంలో పాఠం శుద్ధంగా ఉన్నకొద్దీ పోలిక పెరుగుతుంది. అంటే బాగా పాడినందుకు పట్టుబడ్డట్టు అయింది ఆవిడ పరిస్థితి.

క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. స్ట్రైక్ అంటే వీడియో తీయించి ఛానెల్ మీద వేసే హెచ్చరిక. క్లెయిమ్ వల్ల ఛానెల్ పోదు, యాడ్ల డబ్బు వాళ్లకు మళ్లుతుంది లేదా వీడియో కొన్నిచోట్ల కనిపించదు. యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో పక్కనే డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, చేసే వీలుంటుంది. "ఇది కాపీరైట్ లేని రచన, పాడింది నేనే, రికార్డింగ్ నాదే" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. క్లెయిమ్ పడ్డ ఐదు రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచి వచ్చిన డబ్బును తేలేదాకా యూట్యూబ్ పక్కన ఉంచుతుంది. జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజులు టైముంటుంది, ఇవ్వకపోతే క్లెయిమ్ పోతుంది. కాదని తిప్పికొడితే మీరు అప్పీలు వేయాలి. ఆ తర్వాత కూడా పట్టుబట్టాలంటే వాళ్లు చట్టప్రకారం వీడియో తీసేయమని నోటీసు ఇవ్వాలి. తీయించి స్ట్రైక్ వేస్తే దాని మీద మీరు కౌంటర్ నోటిఫికేషన్, అంటే ఎదురు నోటీసు, వేయవచ్చు. అబద్ధపు క్లెయిమ్‌తో అంత దూరం రావడానికి కంపెనీలు సాధారణంగా సిద్ధపడవు.

నాకు అన్యాయంగా కనిపించేది ఏమిటంటే, మీరు వేసిన డిస్ప్యూట్‌ను మొదట పరిశీలించి తీర్పు చెప్పేది ఆ క్లెయిమ్ వేసిన కంపెనీయే. ఫిర్యాదుదారే జడ్జి. మన దేశపు చట్టం ఇలా లేదు. ఫలానా లింకు నా కాపీరైట్‌ను ఉల్లంఘిస్తోందని ఎవరైనా రాతలో ఫిర్యాదు చేస్తే వెబ్‌సైట్ దాన్ని 21 రోజులు ఆపాలి, ఈలోగా ఫిర్యాదుదారు కోర్టు ఉత్తర్వు తేలేకపోతే మళ్లీ తెరవవచ్చు. ఆధారం లేని కాపీరైట్ బెదిరింపులు చేసేవాళ్ల మీద తిరిగి దావా వేసే వీలు 60వ సెక్షన్‌లో ఉంది. ఇంత ఉన్నా, రిటైరైన ఒక టీచరమ్మ కోర్టు మెట్లు ఎక్కదన్న నమ్మకంతోనే ఈ వ్యాపారం నడుస్తోంది.

అన్నమయ్య కీర్తనల విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. సాహిత్యం 15వ శతాబ్దానిది, అది అందరిదీ. కానీ తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగం పేరైతే ఉంది గానీ స్వరం లేదు. మనం ఇవాళ పాడుకునే వరసల్లో చాలావాటిని 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి మహానుభావులు కట్టారు. రాళ్లపల్లివారు 1979లో, నేదునూరివారు 2014లో పోయారు, రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది కాబట్టి ఆ వరసల మీద హక్కు ఇంకా బతికే ఉంది. అత్తయ్యగారిని అడగండి, ఏ కీర్తన ఎవరి వరసలో పాడారో ఆవిడకు తప్పకుండా తెలిసే ఉంటుంది. ఆ వివరం వీడియో కింద రాయించండి, క్లెయిమ్ వచ్చింది ఆ వరసకే అయితే ముందు దాని సంగతి తేల్చుకోవాలి. త్యాగరాజ కీర్తనలకు మాత్రం ఇవాళే డిస్ప్యూట్ వేయండి.

సినిమా పాటలు పాడే పాఠకులు దీన్ని తమకు అన్వయించుకోకండి. అక్కడ సాహిత్యం, వరస, రికార్డింగ్ మూడింటికీ వేర్వేరుగా హక్కులు ఉంటాయి. 2017లో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారికే, అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వెళ్లింది. చాలామంది బాలుగారి పక్షాన బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. అయినా స్వరకర్తకు హక్కు ఉండటం తప్పని నేను అనను. 2012లో చట్టం మార్చి, పాట రాసినవారికీ స్వరపరిచినవారికీ రాయల్టీలో వాటా ఉండాలనీ, దాన్ని వాళ్ల చేత వదిలేయించుకోవడం కుదరదనీ రాశారు. నిర్మాత ముందు కాగితం మీద సంతకం పెట్టి అన్నీ పోగొట్టుకున్న కవుల కోసం వచ్చిన మంచి మార్పు అది.

ప్రశ్న: బట్టల షాపులో, మందుల షాపులో, చివరికి చెప్పుల షాపులో కూడా ఫోన్ నంబర్ చెప్పనిదే బిల్లు కొట్టడం లేదు. "సిస్టమ్ తీసుకోదు సార్" అంటారు. ఏం చేయాలి? 
– విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఇవ్వనని చెప్పండి సార్. 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, నంబర్ ఇవ్వలేదని అమ్మడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని దుకాణదారుల సంఘాలకు స్పష్టం చేసింది. కౌంటర్లో ఉన్న అబ్బాయి మీద మాత్రం కోప్పడకండి, నంబర్ లేని బిల్లులు ఎక్కువైతే అతనికే చీవాట్లు. మేనేజర్‌ను పిలిపించండి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మందుల షాపు దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే మీ నంబర్ పక్కన షుగర్ మాత్రలో, మనసుకు వాడే మాత్రలో చేరితే అది మీ ఆరోగ్య చరిత్ర అయిపోతుంది.

ఇది అడిగారు కాబట్టి అడగనిది ఒకటి చెబుతాను. జిరాక్స్ షాపుకు వెళ్లి ఆధార్ ప్రింట్ కావాలంటే "ఈ నంబర్‌కు వాట్సాప్ చేయండి" అంటారు. మనం చేస్తాం. షాపు కంప్యూటర్లో వాట్సాప్ వెబ్ తెరిచే ఉంటుంది, అక్కడ వరసగా మన ముందు వచ్చినవాళ్ల ఆధార్లు, పాన్ కార్డులు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీలు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నిండా అవే. ఎవరూ తుడవరు. ఆధార్ సంస్థ వెబ్‌సైట్లో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దొరుకుతుంది. హోటల్‌కైనా, అద్దె ఇంటికైనా ముందు అదే ఇవ్వండి. జిరాక్స్ షాపులో పని అయ్యాక మీ ఎదురుగానే ఫైల్ డిలీట్ చేయించండి. మొహమాటపడకండి.

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఏదో యాప్‌లో ఐదు వేలు అప్పు తీసుకున్నాడట. వారం తిరక్కుండా రెట్టింపు కట్టమన్నారు. ఇప్పుడు వాడి ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ, మా మేనమామకూ, వాడి లెక్చరర్‌కూ కూడా "వీడు దొంగ" అని వాడి ఫొటోతో మెసేజ్‌లు వస్తున్నాయి. మార్ఫింగ్ ఫొటోలు పెడతామంటున్నారు. వాడు గదిలోంచి బయటికి రావడం లేదు. యాప్ పెట్టుకున్నప్పుడు అన్నిటికీ ఒప్పుకున్నాడు కదా, తప్పు మాదేనా? 
– కరీంనగర్ నుంచి ఒక అక్క

జవాబు: ముందు తమ్ముడి దగ్గర కూర్చో తల్లీ. తిట్టవద్దు, "మేమున్నాం" అని చెప్పు. ఈ రాత్రి వాడిని ఒంటరిగా వదలవద్దు. మనసు మరీ కుంగిపోతే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. 2020 చివర్లో హైదరాబాద్‌లో, చుట్టుపక్కల ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లు ఉన్నారు. పోలీసులు అప్పుడు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చాలామందిని అరెస్టు చేశారు. కాబట్టి ఇది పరువు కోసం దాచుకునే విషయం కాదు, నేరం, నేరం చేసింది మీ తమ్ముడు కాదు.

వెంటనే 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. యాప్‌ను ఇప్పుడే తీసేయకండి, ముందు దాని పేరు, వాళ్లు పంపిన మెసేజ్‌లు, ఫోన్ చేసిన నంబర్లు, డబ్బు వచ్చిన, పోయిన యూపీఐ లావాదేవీల నంబర్లు స్క్రీన్‌షాట్లు తీయండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు కాంటాక్ట్స్, ఫొటోల అనుమతి తీసేయండి. చుట్టాలకు, స్నేహితులకు మీరే ఒక మెసేజ్ పెట్టండి: "తమ్ముడి ఫోన్ నంబర్లు ఒక మోసపు యాప్ చేతికి చిక్కాయి, వచ్చే మెసేజ్‌లు నమ్మకండి, ఎవరికీ డబ్బు పంపకండి." ఆ ఒక్క మెసేజ్‌తో వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం సగం విరిగిపోతుంది. ఎంత కట్టినా ఇంకా కట్టమనే అంటారు, భయంతో మళ్లీ ఇంకో యాప్‌లో అప్పు చేయనివ్వకండి.

ఇక "ఒప్పుకున్నాడు కదా" అన్న ప్రశ్న. రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరులో తెచ్చి, 2025లో కొత్త ఆదేశాల్లోనూ కొనసాగించిన డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోని కాంటాక్ట్ లిస్టు, కాల్ లాగ్, ఫొటోలు, ఫైళ్ల జోలికి పోకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ కోసం ఒక్కసారి, స్పష్టమైన అనుమతితోనే వాడుకోవాలి. డబ్బు రిజిస్టరైన బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఖాతా నుంచి నేరుగా తీసుకునేవారి ఖాతాకే రావాలి. ఏ కంపెనీ ఇస్తోందో, వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో ముందే కాగితం మీద చూపించాలి. ఇవేవీ పాటించని యాప్‌లో మీ తమ్ముడు నొక్కిన ‘ఐ అగ్రీ’తో వాళ్లకు ఏ హక్కూ రాదు. మనిషిని బెదిరించడానికి అనుమతి అనేది ఏ కాగితం మీదా ఉండదు.

ఇంకొకటి కూడా రాయకుండా ఉండలేను. వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని గూగుల్ తన ప్లే స్టోర్‌లో నిషేధం అమలు చేసింది 2023 మే 31న. హైదరాబాద్‌లో శవాలు లేచిన రెండేళ్లు దాటాక. ఒక యాప్ అప్పు ఇవ్వడానికి ఊళ్లోవాళ్ల నంబర్లన్నీ ఎందుకు అడుగుతుందని అంత పెద్ద కంపెనీలో ముందే ఎవరో ఒకరు అడిగి ఉండాల్సింది. రూల్ రాయడం వాళ్ల చేతిలో పనే, రాసిన రోజున రాయగలిగారు కదా.

ప్రశ్న: ఇక్కడ కిండిల్‌లో చాలా పుస్తకాలు కొన్నాను. కంపెనీ తలుచుకుంటే అవి మాయమైపోతాయా? 
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాయమైన సందర్భం ఉంది. 2009 జులైలో అమెజాన్, అమ్మే హక్కు లేనివారు తమ స్టోర్‌లో పెట్టారన్న కారణంతో జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను కొన్నవాళ్ల కిండిల్‌ల నుంచి తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, అధినేత జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. అయినా దూరాన ఎక్కడో కూర్చుని మన చేతిలోని పుస్తకం తీసేయడం సాధ్యమేనని అప్పుడే లోకానికి తెలిసింది. మీరు కొన్నది నిజానికి చదువుకోవడానికి ఇచ్చిన లైసెన్స్ అని షరతుల్లో ఉంటుంది. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దింపుకుని దాచుకునే దారి ఒకప్పుడు ఉండేది, 2025 ఫిబ్రవరి 26 నుంచి దాన్నీ మూసేశారు. ముఖ్యమైనవి అచ్చు పుస్తకాలుగా కొనండి. ఈబుక్ కావాలంటే తాళం వేయని ఫైల్ ఇచ్చే ప్రచురణకర్తల దగ్గర కొనండి.

ప్రశ్న: పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దించుకుని చదువుతుంటాను. ఇది దొంగతనమేనని ఒక మిత్రుడు అంటున్నాడు. 
– హైదరాబాద్ నుంచి ఒక పుస్తకప్రియుడు

జవాబు: పుస్తకాన్ని బట్టి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్క వేసి 60 ఏళ్ల వరకు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు, వాళ్ల రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. విశ్వనాథ 1976లో పోయారు కాబట్టి 2036 చివరి దాకా, చలం 1979 కాబట్టి 2039 దాకా, శ్రీశ్రీ 1983 కాబట్టి 2043 దాకా వాళ్ల వారసుల హక్కు. వీళ్ల పుస్తకాలు బజార్లో దొరుకుతున్నాయి, కొని చదవండి. తెలుగులో పుస్తకం వేసి నష్టపోని ప్రచురణకర్త అరుదు, వాళ్లను ఇంకా దెబ్బతీయవద్దు.

నా బాధ మూడో రకం గురించి. 1930ల్లో, 40ల్లో, 50ల్లో వచ్చిన వందలాది తెలుగు పుస్తకాలకు రచయిత ఎప్పుడు పోయారో, వారసులెవరో, ఉన్నారో లేరో కూడా తెలియదు. మళ్లీ అచ్చువేద్దామంటే అడగడానికి మనిషి లేడు, అడక్కుండా వేస్తే నేరమేమోనన్న భయం. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీకి చెద పడితే ఆ పుస్తకం ఇక లేనట్టే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది, తర్వాత కాపీరైట్ అభ్యంతరాలతో ఆ సైటే మూతపడింది. అప్పటికే ఓపికున్నవాళ్లు చాలావాటిని ఆర్కైవ్‌లోకి చేర్చారు కాబట్టి మీరు, నేను ఇవాళ చదవగలుగుతున్నాం. ఇలాంటి పుస్తకాల కోసం చట్టంలో 31ఏ అనే సెక్షన్ ఉంది. హక్కుదారు దొరకనప్పుడు అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ముందుగా దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన వేయాలి. బందరులోనో బాపట్లలోనో ఉన్న ఒక తెలుగు రచయిత మనవడు ఢిల్లీ ఇంగ్లిష్ పేపర్ చూసి ముందుకొస్తాడా? మూడు వందల కాపీలు వేసే చిన్న ప్రచురణకర్త ఆ ప్రకటన ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు? స్కాన్ చేసి నిలబెట్టినవాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాదు. మీ మిత్రుడికి ఈ మాట చెప్పండి.

ప్రశ్న: కొత్త డేటా చట్టం వచ్చిందంటున్నారు. మామూలు మనిషికి ఏం ఒరిగింది? 
– అనంతపురం నుంచి ఒక లెక్చరర్

జవాబు: 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. దాని కొనసాగింపుగా 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నిబంధనలు వచ్చాయి. కంపెనీల ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి నిబంధనల నాటి నుంచి 18 నెలల గడువిచ్చారు. మీ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో అర్థమయ్యే భాషలో, కావాలంటే తెలుగులో, చెప్పాలి. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. డేటాను కాపాడలేని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇంతవరకు బాగుంది.

బాగోలేనిది ఆ జరిమానా ఎవరికి వెళ్తుందన్న దగ్గర. ప్రభుత్వ ఖజానాకు. డేటా లీకై మీరు నష్టపోతే మీకు పరిహారం ఇప్పించే పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను తీసేసే ఏర్పాటు కూడా ఇందులోనే ఉంది. పైగా అబద్ధపు ఫిర్యాదు చేశారని తేలితే మనకే పది వేల దాకా జరిమానా. ప్రభుత్వ సంస్థలను భద్రత, శాంతి వంటి కారణాలు చూపి చట్టం నుంచి మినహాయించే అధికారం కేంద్రం దగ్గర ఉంది. సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని కూడా మార్చి, వ్యక్తిగత సమాచారమంటే ఇవ్వక్కర్లేదని కుదించారు. ప్రజాప్రయోజనం కోసం ఇవ్వవచ్చన్న 8(2) ఇంకా ఉంది, దరఖాస్తు రాసేటప్పుడు ఆ సెక్షన్ నంబర్ వేసి మరీ అడగండి. గ్రామ సభలో లబ్ధిదారుల జాబితా అడిగే మనిషికి ‘వ్యక్తిగతం’ అనే జవాబు రావడం గోప్యత కాదు, అది నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

ప్రశ్న: నేను కాలనీ వాట్సాప్ గ్రూప్ అడ్మిన్‌ని. ఎవరో పెట్టిన పోస్టుకు నా మీద 66ఏ కింద కేసు పెడతామని ఒకాయన బెదిరిస్తున్నాడు. 
– నిజామాబాద్ నుంచి ఒక అడ్మిన్

జవాబు: ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పెడితే శిక్షించే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ ఇప్పుడు లేదు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ గారు ఒకరు. ఆ తర్వాత కూడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు పెడుతుంటే, ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరులో మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడి పోస్టుకు బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. పోస్టు నిజంగా విద్వేషపూరితమైతే, మీ దృష్టికి రాగానే తీసేసి, పెట్టిన మనిషికి చెప్పండి. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే నోటీసు రాతలో ఇవ్వమనండి, ఏ సెక్షనో అందులో ఉంటుంది.